బొగ్గు రైలెక్కి వస్తుంది, మరి నీళ్ళు?

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నేలలో సున్నపురాయి ఉంది, నాపరాయి ఉంది, ముగ్గురాయి ఉంది, యురేనియం ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వెతుక్కునేవాళ్ళకు అప్పుడప్పుడు వజ్రాలూ దొరుకుతాయి. బొగ్గు మాత్రం లేదు. అయినా ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994 నుంచి బొగ్గు మీదే నడుస్తోంది. ఇప్పుడు దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. కాబట్టి బొగ్గు లేని చోటికి బొగ్గు ఫ్యాక్టరీ రాదులే అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

థర్మల్ కేంద్రం అంటే ఏమిటో ఇక్కడి జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. బొగ్గు గ్యాసిఫికేషన్ ఫ్యాక్టరీ సంగతి అలా కాదు. ఒక మండలంలో దానికి స్థలం చూస్తున్నారనే మాట వినపడగానే రెండు వర్గాలు తయారవుతాయి. ఇది బొగ్గును కాల్చేది కాదు, కాలుష్యం ఉండదని ఒకరంటారు. మనందరినీ గ్యాసు పెట్టి చంపేస్తారని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అసలు తేలవలసిన సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. అది నీళ్ళు.

ముందు లోపల జరిగేదేమిటో చూద్దాం. థర్మల్ కేంద్రంలో బొగ్గుకు కావలసినంత గాలి ఇచ్చి పూర్తిగా మండిస్తారు. గ్యాసిఫైయర్‌లో అలా మండనివ్వరు. బాగా ఒత్తిడి, వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూ, కొన్ని రకాల్లో ఇంకా పైన, వేడి ఉన్న పాత్రలోకి బొగ్గును, కొద్దిపాటి ఆక్సిజన్‌ను, నీటి ఆవిరిని పంపుతారు. కొంత బొగ్గు మండి వేడి పుట్టిస్తుంది. మిగిలినది ఆవిరితో కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులుగా మారుతుంది. ఈ మిశ్రమం పేరే సింగాస్. దీని నుంచి అమ్మోనియా చేసి యూరియా చేయవచ్చు, మిథనాల్ చేయవచ్చు, వంటగ్యాసులో కలిపే డైమిథైల్ ఈథర్ చేయవచ్చు, ఇనుప ఖనిజాన్ని ఉక్కు తయారీకి పనికొచ్చే స్పాంజ్ ఐరన్‌గా మార్చవచ్చు. ఒడిశాలోని అంగుల్‌లో ఉక్కు కర్మాగారం ఈ చివరి పనికే దీన్ని వాడుతోంది.

తలుపులన్నీ మూసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లవారేసరికి చనిపోయి ఉన్నారనే వార్త ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. వాళ్ళ ప్రాణం తీసింది కార్బన్ మోనాక్సైడే. గ్యాసిఫికేషన్ అంటే ఆ వాయువును కావాలని, టన్నుల కొద్దీ తయారు చేయడం. అలాగని అది రోజూ ఊరి మీదికి వస్తుందని కాదు. అది వాళ్ళ సరుకు, గొట్టాల్లో బిగించి ఉంటుంది, బయటికి పోతే వాళ్ళకే నష్టం. ప్రమాదం జరిగిన రోజున ఏమిటన్నదే ప్రశ్న. దాని సంగతి తర్వాత.

ఇప్పుడే ఎందుకింత హడావిడి అంటే, దేశానికి కావలసిన సహజవాయువులో సుమారు సగం, మిథనాల్‌లో 90 శాతానికి పైగా విదేశాల నుంచి వస్తోంది. బొగ్గు మాత్రం మనకు పుష్కలం. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసిఫై చేయాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2024 జనవరిలో ఇందుకోసం 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. గ్యాసిఫికేషన్‌కు వాడే బొగ్గు మీద గనుల వేలంలో రాయితీ కూడా ఉంది. ఇంత డబ్బు బల్ల మీద పెడితే స్థలాల వేట మొదలవడం సహజమే.

మనకు ఇందులో పాత అనుభవం లేకపోలేదు. రామగుండంలో 1980లో మొదలైన ఎరువుల కర్మాగారం బొగ్గును గ్యాసిఫై చేసి యూరియా తీసినదే. పక్కనే సింగరేణి గనులు, పక్కనే గోదావరి. అంత అనువైన చోట కూడా నష్టాలు పేరుకుపోయి 1999లో మూతపడింది. 2021లో మళ్ళీ ఉత్పత్తి మొదలైనప్పుడు అది బొగ్గును వదిలేసి సహజవాయువుకు మారింది. బొగ్గుతో యూరియా ప్రయత్నాన్ని ఒడిశాలోని తాల్చేరుకు అప్పగించారు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, కెంపర్ కౌంటీలో గ్యాసిఫికేషన్ విద్యుత్ కేంద్రం ఖర్చు సుమారు 750 కోట్ల డాలర్లకు చేరాక 2017లో చేతులెత్తేసి, సహజవాయువుతోనే నడుపుకున్నారు. 2021లో ఆ గ్యాసిఫైయర్ కట్టడాన్ని పేల్చి పడగొట్టారు. మరోపక్క నార్త్ డకోటాలోని గ్రేట్ ప్లెయిన్స్ ప్లాంటు 1984 నుంచి లిగ్నైట్ అనే తక్కువ రకం బొగ్గుతో నడుస్తూనే ఉంది. అంటే ఇది పనిచేయని విద్య కాదు. బొగ్గు, నీళ్ళు, మార్కెట్ మూడూ కలిసొస్తేనే పనిచేసే విద్య.

రాయలసీమలో ఆ మూడింటి లెక్క ఎలా ఉంటుందో చూడాలి.

ఏడాదికి 10 లక్షల టన్నుల బొగ్గు వాడే ఫ్యాక్టరీ అనుకుందాం. గూడ్సు రేక్ ఒకటి దాదాపు 4,000 టన్నులు తెస్తుంది. అంటే ఏటా 250 రేకులు, మూడు రోజులకు రెండు. సింగరేణి నుంచో, ఒడిశా నుంచో రావాలి, లేదంటే విదేశీ బొగ్గు కృష్ణపట్నం ఓడరేవులో దిగి, 2019లో ప్రారంభమైన వెంకటాచలం–ఓబులవారిపల్లె లైను మీదుగా, వెలిగొండ కొండల్లో ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం దాటి రావాలి. ఇదంతా సాధ్యమే. కానీ మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. 40 శాతమని వేసుకుంటే ఆ 10 లక్షల టన్నుల్లో 4 లక్షల టన్నులు బూడిదే. దానికీ రైలు చార్జీ కట్టి, వందల కిలోమీటర్లు మోయించుకుని, తెచ్చి మన దగ్గర దింపుతారు. 25 టన్నుల టిప్పర్లలో ఎత్తిపోస్తే రోజుకు 44 లోడ్లు, ఏడాది పొడవునా. అంగుల్, తాల్చేరు రెండూ గనుల పక్కనే ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

బూడిదకు ఇక్కడ గిరాకీ ఉందన్న మాట నిజమే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, థర్మల్ కేంద్రం బూడిద వాటికి పోతోంది. 2024 నవంబరులో ఆ బూడిదను ఎవరి లారీలు తోలాలన్న దాని మీద జమ్మలమడుగు, తాడిపత్రి నాయకులు రోడ్డెక్కారు, పంచాయితీ ముఖ్యమంత్రి దాకా పోయింది. బూడిదకూ రాజకీయం ఉంటుందని అప్పుడే రాష్ట్రమంతటికీ తెలిసింది. అయితే గ్యాసిఫైయర్ బూడిద, థర్మల్ బూడిద ఒకటి కావు. చాలా రకాల గ్యాసిఫైయర్లలో అది కరిగి గడ్డకట్టిన చిట్టెంగానో, సగం మండిన కార్బన్ కలిసిన బూడిదగానో వస్తుంది. సిమెంటువాళ్ళు అడిగే నాణ్యత దానికి ఉంటుందని ముందే ఖాయం చేసుకోలేం. థర్మల్ కేంద్రాలు బూడిదను నూటికి నూరు శాతం వినియోగించాలని కేంద్రం 2021 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్ కూడా థర్మల్ కేంద్రాలను ఉద్దేశించి రాసినదే. అదే కట్టుబాటు ఈ ఫ్యాక్టరీకి వర్తించాలంటే పర్యావరణ అనుమతి షరతుల్లోనే రాయించాలి.

ఇక నీళ్ళు. పైన చెప్పిన రసాయన చర్యను ఇంకోసారి చూడండి. కార్బన్, ఆవిరితో కలిసి వాయువవుతుంది. ఆ చర్య వరకు 12 కిలోల కార్బన్‌కు 18 కిలోల నీళ్ళు కావాలి. యూరియా చేయాలంటే హైడ్రోజన్ ఇంకా ఎక్కువ కావాలి, అందుకోసం పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌ను మళ్ళీ ఆవిరితో కలుపుతారు. అక్కడ ప్రతి 28 కిలోలకు మరో 18 కిలోల నీళ్ళు. అంటే థర్మల్ కేంద్రంలో నీళ్ళు ప్రధానంగా చల్లబరచడానికైతే, ఇక్కడ చల్లబరచడానికీ కావాలి, ముడిసరుకుగానూ కావాలి. ముడిసరుకుగా పోయిన నీటిని శుద్ధి చేసి తిరిగి వాడుకునే మాటే లేదు, అందులోని హైడ్రోజన్ సరుకులో కలిసి లారీ ఎక్కిపోతుంది.

గంటకు 2,000 ఘనపు మీటర్లు వాడే ఫ్యాక్టరీ అనుకుంటే, ఈ రకం పరిశ్రమకు అది వింత అంకె కాదు, ఏడాదికి 1.75 కోట్ల ఘనపు మీటర్లు. మన భాషలో 0.62 టీఎంసీ. వినడానికి చిన్నదే. గండికోట జలాశయం 26.85 టీఎంసీలు కదా, అందులో ఇదెంత అని అధికారులు అంటారు. కానీ ఆరుతడి పంటలకు టీఎంసీకి 10,000 ఎకరాలన్నది సాగునీటి శాఖ వాడుక లెక్క. ఆ లెక్కన ఇది 6,000 ఎకరాల వేరుశనగ తడి. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున తాగునీటి లెక్క వేస్తే 8 లక్షల 70 వేల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది.

పరిమాణం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. గండికోటకు వచ్చేవి కృష్ణా వరద నీళ్ళు. శ్రీశైలంలో నీటిమట్టం 854 అడుగులు దాటితే గాని, అక్కడి నుంచి రాయలసీమకు నీళ్ళు మళ్ళించే పోతిరెడ్డిపాడు తూముల్లో చెప్పుకోదగ్గ నీళ్ళు కదలవు. వచ్చిన ఏడాది పుష్కలం, రాని ఏడాది ఆకాశం వంక చూడడమే. అనంతపురంలో ఏడాది వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని వాన. ఇలాంటి చోట పంటను ఒక ఏడాది ఆపవచ్చు, రైతు తిట్టుకుంటూనైనా ఆపుతాడు. గ్యాసిఫైయర్‌ను అలా ఆపలేరు. అది ఆగి చల్లబడి మళ్ళీ వేడెక్కిన ప్రతిసారీ లోపలి ఇటుకల పొర పగుళ్ళిస్తుంది, వెనుక ఉన్న అమ్మోనియా, యూరియా విభాగాలన్నీ వరసగా ఆగుతాయి, అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. వేల కోట్లు పెట్టినవాళ్ళు నీళ్ళ ఒప్పందంలో తమ వాటా ఏ ఏడాదీ తగ్గకూడదనే రాయించుకోవాలని చూస్తారు. అందువల్ల మామూలు ఏడాదిలో ఎన్ని నీళ్ళు అన్నది రెండో ప్రశ్న. కరువు ఏడాదిలో ముందు ఎవరి నీళ్ళు కోస్తారన్నది మొదటి ప్రశ్న. గండికోట నింపడానికి 2020లో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఊళ్ళే మునిగాయి. ఆ నీటి మీద మొదటి మాట ఎవరిదో ఆ ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఒప్పందం రాసేవాళ్ళకు చెప్పాలి.

వాడగా మిగిలిన నీళ్ళ సంగతి ఏ రకం గ్యాసిఫైయర్ పెడతారన్న దాని మీద ఆధారపడుతుంది. జనం అడగనిదీ, కంపెనీ తనంతట తాను విడమరచి చెప్పనిదీ ఇదే. బొగ్గు ముక్కలను నింపి కింది నుంచి ఆవిరి పంపే పాత పద్ధతి ఒకటుంది. వేడి తక్కువ కాబట్టి తారు పుడుతుంది, కడిగిన నీళ్ళలో ఫినాల్, అమ్మోనియా, సైనైడ్ చేరతాయి. బొగ్గును పిండి చేసి 1,300 డిగ్రీలకు పైన ఊదే పద్ధతిలో తారు దాదాపు ఉండదు, నీళ్ళు చాలావరకు శుభ్రంగా ఉంటాయి. కానీ మన బొగ్గులోని అంత బూడిదను కరిగించడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది, కాబట్టి తక్కువ బూడిద ఉన్న విదేశీ బొగ్గో, చమురు శుద్ధిలో మిగిలే పెట్రోలియం కోకో కలపాలి. తాల్చేరులో పెట్రోలియం కోక్ కలపాలనుకున్నది ఇందుకే. ఈ రెంటికీ మధ్యలో, పొడి బొగ్గును గాలిలో తేలాడిస్తూ కరగని వేడిలో నడిపే పద్ధతి మన బొగ్గుకు సరిపడుతుందని ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్ఈఎల్ పరిశోధకులు ఏళ్ళుగా పనిచేస్తున్నారు. 2022 జనవరిలో హైదరాబాదులో వాళ్ళు నెలకొల్పిన ప్రయోగాత్మక ప్లాంటు ఎక్కువ బూడిద ఉన్న బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీస్తుంది. పావు టన్ను నుంచి వేల టన్నులకు ఎదగడం ఒక్క గంతులో అయ్యే పని కాదు.

వ్యర్థజలం ఒక్క చుక్క బయటికి వదలం అని ప్రతి కంపెనీ రాస్తుంది. రాసినట్టే చేశారనుకుందాం. నీళ్ళను మరిగించి తిరిగి వాడుకున్నాక అడుగున మిగిలే ఉప్పు ఎక్కడికి పోతుంది? దాన్ని ప్రమాదకర వ్యర్థంగా పొరలు పరిచిన గోతుల్లో పూడ్చాలి. ఎండకు ఆరబెట్టే మడుగులు తవ్వితే ఆ మడుగుల అడుగు కారకూడదు.

ఇక్కడే మన నేల అడ్డం తిరుగుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, కోయిలకుంట్ల, బనగానపల్లె చుట్టూ నల్లరేగడి కింద చాలాచోట్ల ఉన్నది సున్నపురాయి. సున్నపురాయి నీటికి కరుగుతుంది. ఎంత కరుగుతుందో చూడాలంటే బెలుం గుహల్లోకి దిగితే చాలు, 3,229 మీటర్ల పొడవునా నీళ్ళు తొలిచిన దారులు. ఈ నేలలో నీళ్ళు ఇసుకలో ఇంకినట్టు సమంగా పాకవు. పగుళ్ళు, పలకల సందులు పట్టుకుని పరుగెడతాయి. ఒక బోరులో రెండున్నర అంగుళాల నీళ్ళు పడి, ఇరవై అడుగుల అవతల వేసిన బోరులో దుమ్ము లేవడం ఇక్కడి ప్రతి రైతూ చూసిందే. పగులు తగిలిందా లేదా అన్నదే తేడా. అదే పగులు బూడిద చెరువు కిందికో, ఉప్పు మడుగు కిందికో తగిలితే, కారిన నీళ్ళు పక్క పొలాన్ని వదిలేసి రెండు మైళ్ళ అవతల చీనీ తోట బోరులో తేలవచ్చు. నాలుగు దిక్కులా నాలుగు పరీక్ష బోర్లు వేసి అంతా బాగుందని చెప్పే పద్ధతి ఈ రాతికి పనికిరాదు. స్థలం ఎంపికకు ముందే పగుళ్ళు ఎటు పోతున్నాయో భూగర్భ సర్వే చేయించాలి. నన్నడిగితే ఈ జిల్లాల్లో సున్నపురాయి పట్టీ మీద ఇలాంటి ఫ్యాక్టరీ అసలు పెట్టకూడదు. చౌకగా దొరికే బంజరు చాలావరకు అక్కడే ఉండటం మన దురదృష్టం.

తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారం వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు పాడయ్యాయని చుట్టుపక్కల గ్రామస్థులు ఏళ్ళుగా చెబుతున్నారు. సంస్థ కాదంటుంది. అలాంటి వాదన తెగకపోవడానికి ఒక కారణం, ఫ్యాక్టరీ రాకముందు ఫలానా సర్వే నంబరులో ఫలానా బోరు నీళ్ళు ఇలా ఉండేవని రైతు చేతిలో కాగితం లేకపోవడం. కంపెనీ తన నివేదిక కోసం పది చోట్ల నీళ్ళు పట్టుకెళ్తుంది. ఆ పది చోట్లలో మీ బోరు ఉండకపోవచ్చు. ఫినాల్, సైనైడ్, అమ్మోనియా, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ పేర్లు చెప్పి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో ముందే పరీక్ష చేయించుకుని రిపోర్టు దాచుకోవడం ఏ ఉద్యమానికన్నా ముందు చేయవలసిన పని. ఫ్లోరైడ్ మన నీళ్ళలో మామూలుగానే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా చూపించుకోవడం ఇంకా అవసరం.

గాలి విషయంలో గ్యాసిఫికేషన్‌కు కొంత మంచి పేరు న్యాయంగానే వచ్చింది. గంధకాన్ని పొగలోకి పోనివ్వకుండా ముందే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా పట్టి, గంధకపు ముద్దగా అమ్ముకోవచ్చు. చిమ్నీ నుంచి వచ్చే దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్ థర్మల్ కేంద్రం కన్నా బాగా తక్కువ. కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గదు. యూరియాలో టన్నుకు 0.73 టన్ను కలుస్తుంది, అదీ చేనిలో చల్లాక గాలిలోకే తిరిగొస్తుంది. మిగిలినది అక్కడే వదలాలి. గ్రేట్ ప్లెయిన్స్ వాళ్ళు 2000 నుంచి దాన్ని 330 కిలోమీటర్ల గొట్టం వేసి కెనడాలోని చమురు బావులకు పంపుతున్నారు. కడప చుట్టుపక్కల పంపడానికి చమురు బావి లేదు.

ప్రమాదం జరిగితే సంగతి వేరు. చైనాలో హెనాన్ రాష్ట్రం, యిమాలోని గ్యాసిఫికేషన్ ఫ్యాక్టరీలో 2019 జులైలో జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు. పేలింది గ్యాసిఫైయర్ కాదు, గాలి నుంచి ఆక్సిజన్ వేరు చేసే విభాగం. అందరూ ప్రధాన యంత్రం వైపు చూస్తుంటే పక్క షెడ్డు ప్రాణాలు తీసింది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన గుడ్ల వాసన ఉంటుంది గాని, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గండం గడిచిందనుకోవడం అక్కడ చాలా ప్రమాదం. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ ప్రహరీ బయట ఏం చేయాలో చెప్పే అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. సైరన్ మోగితే ఏ దారిన, గాలికి ఎటు అడ్డంగా నడవాలో తెలుగులో రాసి, ఏడాదికోసారి ఊరిచేత నడిపించకపోతే అది బీరువాలో కాగితమే.

గాలి దిక్కు గురించి ఒక చిన్న మాట. పర్యావరణ నివేదికకు సాధారణంగా ఒక రుతువు, అంటే మూడు నెలల కొలతలు తీసుకుంటారు, అదీ వానాకాలం కాకుండా. మన దగ్గర గాలి జోరుగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు వరకు, నైరుతి నుంచి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలి చూసే. నివేదికలోని గాలి పటంలో ఆ నాలుగు నెలలు లేకపోతే ఈశాన్యాన ఉన్న ఊళ్ళ వాటా లెక్కలోకి రానట్టే.

భూమి గురించి చెప్పాలంటే, ఇలాంటి వాటికి ముందు కన్ను పడేది డీకేటీ పట్టాలు (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు), బంజరు, గొర్రెలు మేసే పొరంబోకుల మీద. కాగితాల్లో ఖాళీగా కనిపించే భూమి మీద బతికేవాళ్ళుంటారు. 2013 భూసేకరణ చట్టం కౌలుదార్లను, మూడేళ్ళుగా ఆ భూమి మీద ఆధారపడిన కూలీలను కూడా బాధిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. 2018లో రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అధ్యయనం నుంచి మినహాయింపులకు దారి తెరిచింది. ఆ దారిలో వస్తున్నారా అని మొదటి నోటీసు వచ్చిన రోజే అడగాలి. ఉద్యోగాల మాటకొస్తే, ఇవి కంట్రోల్ గదిలో తెరల ముందు కూర్చుని నడిపే ఫ్యాక్టరీలు. కట్టేటప్పుడు కూలి పని ఉంటుంది, నడిపేటప్పుడు కెమికల్ ఇంజనీర్లకు, ఫిట్టర్లకు పని ఉంటుంది. కడప ఉక్కు కోసం 2007 నుంచి 2023 దాకా నాలుగు శంకుస్థాపనలు చూసిన జిల్లాకు ఉద్యోగాల సంఖ్యలు వినడం అలవాటే.

ప్రజాభిప్రాయ సేకరణ గురించి కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ స్పష్టంగానే ఉంది. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, కలెక్టరో అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహిస్తారు, 30 రోజుల ముందు స్థానిక భాషా పత్రికలో ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీ ఆఫీసులో ఉండాలి. కనీసం ఇంతమంది రావాలన్న కోరం అక్కర్లేదు, అంటే ఊరు బహిష్కరించినా సభ జరిగినట్టే. ఇంకో మెలిక ఉంది. పర్యావరణ అనుమతి ముందే పొందిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే ఫ్యాక్టరీకి ఈ సభ అక్కర్లేకుండా పోవచ్చు. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక నోడ్‌ల చుట్టూ ఉన్న ఊళ్ళు ఆ పార్కుకు ఇచ్చిన అనుమతిలో ఏయే రకాల పరిశ్రమలు రాశారో ఇప్పుడే తెప్పించుకుని చదవాలి. ఫ్యాక్టరీ పేరు బయటికొచ్చాక చదివితే అడగడానికి వేదిక ఉండదు.

సభ ఉంటే, చివర్లో ఆ రోజు చెప్పినవాటన్నిటి సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలని అదే నోటిఫికేషన్ చెబుతోంది. సాయంత్రానికి సగం మంది బస్సులకు వెళ్ళిపోతారు, చదివేది వినపడకుండా మైకు ఆగిపోనూ వచ్చు. అప్పటిదాకా కూర్చుని, గంటకు ఎన్ని ఘనపు మీటర్లు, ఏ జలాశయం నుంచి, కరువు ఏడాదిలో ఎవరి తర్వాత, ఏ రకం గ్యాసిఫైయర్, ఉప్పు ఎక్కడ పూడుస్తారు అన్న ప్రశ్నలు, వాటికి కంపెనీ చెప్పిన అంకెలు సభ మినిట్స్‌లో, అంటే నమోదు పత్రంలో, అక్షరాలా పడ్డాయో లేదో చూసుకోవాలి. అక్కడ పడిన అంకెలను అనుమతి షరతుల్లోకి ఎక్కించమని అడగడానికి అదే ఆధారం. అనుమతి వచ్చాక షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి, అది బహిరంగ పత్రం. నీటి మీటరు రీడింగు, పరీక్ష బోర్ల ఫలితాలు, ఎత్తిన బూడిద టన్నులు అందులో ఉండాలని షరతు పెట్టించుకుంటే, ఆ తర్వాత పంచాయతీ కార్యదర్శి చేత ఏడాదికి రెండుసార్లు దాన్ని ప్రింటు తీయించి గ్రామసభలో చదివించడానికి ఎవరి దయా అక్కర్లేదు.